గొలుసు పట్టినోళ్ళ లెక్క

లెక్కలకు కులం లేదని చాలామంది చెప్పంగ విన్నాను. క్లాసురూముల్లో విన్నాను, సెమినార్లలో విన్నాను, రిజర్వేషన్లకు వ్యతిరేకంగా పెట్టిన మీటింగుల్లో మరీ ఎక్కువ విన్నాను. రెండు రెళ్ళు నాలుగు అనేది అగ్రహారంలోనైనా మాదిగ వాడలోనైనా ఒకటే కదా అంటారు. నిజమే, ఒకటే. కానీ ఆ రెండ్లను ఎవరు మోశారు, ఆ నాలుగు ఎవరింట్ల పడింది, ఎవరి పేరు మీద కాగితంలోకి ఎక్కింది అని అడిగితే జవాబు ఒకటి కాదు. లెక్కకు కులం లేకపోవచ్చు. లెక్క నేర్చుకునే బెంచీకి ఉన్నది. నేర్పే నోటికి ఉన్నది. మార్కులు వేసే చేతికి ఉన్నది.

1990లో నేను ఎమ్మెస్సీ గణితంలో చేరాను. మొదటి ఏడాది పేపర్లలో ఒకటి బహుచలరాశుల కలనగణితం. ఒక రాశి మారితే ఇంకొకటి ఎట్ల మారుతుందో చెప్పేది మామూలు కలనగణితం. కానీ లోకంలో ఏదీ ఒక్కదాన్ని పట్టుకొని మారదు. పంట నీళ్ళ మీద ఆధారపడుతుంది, ఎరువు మీద, ఎండ మీద, షావుకారి అప్పు మీద ఆధారపడుతుంది. అట్లా నాలుగైదు కారణాలు ఒక్కసారే మారుతుంటే ఫలితం ఎట్ల మారుతుందో కట్టి చూపేది ఈ శాస్త్రం. ఆ ఒక్క పేపరు కథే ఇది. దానికి రెండు చరిత్రలున్నాయి. ఒకటి పుస్తకాల్లో ఉన్న యూరపు చరిత్ర. ఇంకొకటి ఏ పుస్తకంలోనూ లేని మా ఇంటి చరిత్ర. ముందు మా ఇంటిదే చెబుతాను. అది నాకు ముందు తెలుసు.

మాది అప్పటి వరంగల్ జిల్లాలో ఒక చెరువు కింది ఊరు. మా తాత ఆ ఊరికి మస్కూరి. పటేలు పిలిస్తే పోవాలి, పట్వారి పంపితే పోవాలి, గిర్దావరు వస్తే గుర్రానికి గడ్డి కోయాలి. భూమి కొలతలకొస్తే గొలుసు మోయాలి. నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1870లలో, బొంబాయి పద్ధతిని చూసి భూముల సర్వే మొదలుపెట్టారు. ఆ పద్ధతిలో గొలుసు పొడుగు 33 అడుగులు. 33 అడుగుల పొడుగు, 33 అడుగుల వెడల్పు ఉన్న జాగ ఒక గుంట. అంటే 1,089 చదరపు అడుగులు. అట్లాంటి గుంటలు 40 అయితే ఎకరం, 43,560 చదరపు అడుగులు. తెలంగాణలో ఇవాళ్టికీ ఎవరిని అడిగినా భూమి లెక్క గుంటల్లోనే చెబుతారు. ఆ గుంట మా తాత లాంటోళ్ళ భుజం మీది నుంచే ఊళ్ళోకి దిగింది.

భూమి ఎప్పుడూ నాలుగు పలకలుగా ఉండదు. వాగు పక్కన వంకర తిరుగుతుంది, బండ కాడ మలుగుతుంది. కొలిచేటోళ్ళు చెలక నడుమ నుంచి ఒక పొడుగు గీత పట్టుకుంటారు. ఆ గీత మీది నుంచి ఒక్కొక్క హద్దురాయికి అడ్డంగా గొలుసు గుంజుతారు. అప్పుడు చెలకంతా ముక్కోణాలుగా, పలకలుగా తెగుతుంది. ముక్క ముక్కకూ వైశాల్యం కట్టి అన్నీ కూడితే చెలక లెక్క తేలుతుంది. ఆ కొలతల బొమ్మ ఉన్న కాగితాన్ని టిప్పన్ అంటారు.

ఎమ్మెస్సీలో ద్విసమాకలని చెప్పినప్పుడు నాకు కనిపించింది ఈ టిప్పనే. ఒక ప్రదేశాన్ని సన్నటి చీలికలుగా కోసి, ఒక్కొక్క చీలిక లెక్క కట్టి, అన్నిటినీ కూడటం. చీలికలు సన్నబడే కొద్దీ లెక్క నిజానికి దగ్గరపడుతుంది. ఏ దిక్కు నుంచి కోసినా మొత్తం ఒకటే అవుతుందని ఎప్పుడు నమ్మవచ్చో 1907లో ఫుబినీ అనే ఇటలీ గణితజ్ఞుడు నిరూపించాడు. మా తాతకు ఫుబినీ తెలియదు. కానీ తూర్పు నుంచి గొలుసు గుంజినా ఉత్తరం నుంచి గుంజినా గుంటలు మారవని తెలుసు. మారినయంటే పట్వారి చెయ్యి తిరిగిందని కూడా తెలుసు.

టిప్పన్ సర్కారు కాగితం. గొలుసు రెండు కొసలు పట్టినోళ్ళ పేర్లు అందులో ఎక్కడా ఉండవు. ఊరు ఊరంతా కొలిచిన మా తాతకు తనదని కొలుచుకోవడానికి ఒక్క గుంట లేదు.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. 1802లో లాంబ్టన్ అనే ఇంగ్లీషు దొర మద్రాసు దగ్గర మొదటి గీత కొలిచి ఈ దేశమంతా త్రికోణాలు పరిచే పని మొదలుపెట్టాడు. ఆయన పెద్ద థియోడొలైట్ బరువు అర టన్ను. దాన్ని కొండల మీదికి మోసింది మనుషులు. అడవుల్లో జ్వరాలకు రాలిపోయింది మనుషులు. చరిత్రలో వాళ్ళకున్న పేరు ఖలాసీ, అంతే. ఆ సర్వేలోనే 1852లో హిమాలయాల్లో 15వ నెంబరు శిఖరం అన్నిటికంటే ఎత్తని లెక్క తేల్చినవాడు రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ. 1856లో 29,002 అడుగులని ప్రకటించారు. 1865లో శిఖరానికి పెట్టిన పేరు మాత్రం ఎవరెస్ట్ దొరది. లెక్క చేసిన పెద్దకులపు బాబుకే పేరు దక్కని చోట గొలుసు పట్టినోనికి ఏం దక్కుతుంది?

అదే కాలంలో జర్మనీలో గాస్ కూడా భూమి కొలిచాడు. 1820లలో హనోవర్ రాజ్యం సర్వే ఆయన చేతిలో ఉండేది. కొండలెక్కి, గుట్టలు దిగి, ఆ అనుభవం నుంచి వంపు తిరిగిన తలాల మీద 1827లో గొప్ప వ్యాసం రాశాడు. మా పేపరులో చివరి అధ్యాయాలకు మూలం ఆ వ్యాసమే. అంటే ఈ శాస్త్రం ఆకాశం నుంచి ఊడిపడలేదు. భూమి మీద గొలుసు గుంజిన చోట పుట్టింది. మేము ఈ శాస్త్రానికి కొత్తోళ్ళం కాదు. పుస్తకానికి కొత్తోళ్ళం.

మా నాయిన నీరడి. చెరువు తూము కాడ ఉండి, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పోవాలో చూసేటోడు. నీరు పల్లమెరుగు అని సామెత. నీళ్ళకు పల్లం తెలుస్తుంది, నిజమే. ఆ పల్లం ఎక్కడుందో నీళ్ళకంటే ముందు నీరడికి తెలియాలి. మా నాయిన మడి గట్టు మీద నిలబడి కండ్లు చిన్నగ చేసి చూసి, ఇక్కడ తెంపాలె అనేటోడు. తెంపితే నీళ్ళు పొయ్యేవి. చిన్నప్పుడు ఒకసారి కాలువ తీస్తుంటే నేను అడిగిన. "నాయినా, కాలువ గిట్ల వంకర ఎందుకు? నేరుగ తీస్తే తొందరగ పోవు?" ఆయన నవ్విండు. "నేరుగ తీస్తే మన్ను కొట్కపోతది బిడ్డా. కాలువ ఒడ్డు ఎంటబడి పోవాలె. నీళ్ళు ఒడ్డుకు అడ్డంగ దిగాలె."

పదిహేనేండ్ల తర్వాత ప్రొఫెసర్ బోర్డు మీద రాసిన సూత్రం ఇదే. ఒకే ఎత్తులో ఉన్న బిందువులను కలిపితే ఒక గీత వస్తుంది. నిండిన చెరువు నీటి అంచు అట్లాంటి గీతే. ఆ గీత వెంట నడిస్తే ఎక్కేదీ లేదు, దిగేదీ లేదు. ఎక్కువ వాలు ఎప్పుడూ ఆ గీతకు లంబంగా ఉంటుంది. ఆ వాలు ఎటు, ఎంత అని చెప్పే సదిశ పేరు ప్రవణత. ఇంకొక సూత్రం ఉంది. ఒక ప్రదేశం అంచు దాటి బయటకు పోయిన మొత్తం, ఆ ప్రదేశం లోపల పుట్టిన మొత్తానికి సమానం. దాన్ని అపసరణ సిద్ధాంతం అంటారు. చెరువులకు వచ్చిన నీళ్ళెన్ని, తూము నుంచి, మత్తడి మీది నుంచి పోయిన నీళ్ళెన్ని, మిగిలినయి ఎన్ని అని మా నాయిన లెక్క. ఆయన ఈ లెక్కను గట్టున పాతిన కట్టె మీద గీతలతో చూసేటోడు. కాకతీయుల చెరువుల మీద శాసనాలున్నాయి. తవ్వించిన దొరల పేర్లున్నాయి, వాళ్ళ తాతల పేర్లున్నాయి. తవ్వినోళ్ళ పేర్లు, నీళ్ళు పారిచ్చినోళ్ళ పేర్లు లేవు. ఊరి పొలాలన్నిటికీ నీళ్ళు పంచిన మా నాయిన, దూప అయితే ఊరి బావి కాడ దూరంగ నిలబడి దోసిలి పట్టిండు.

ఇవన్నీ మా ఇంట్ల ఉన్నాయి. మరి పుస్తకం మాకెందుకు అందలేదు? అందకుండా చేసిన గోడలు ఒకటి కాదు.

మొదటి గోడ భాష. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. 1968లో తెలుగు అకాడమీ పెట్టి తెలుగులో పాఠ్యపుస్తకాలు తెచ్చారు. మంచి పనే, ఆ పుస్తకాలు లేకుంటే నేను ఇంటర్ దాటేవాణ్ణి కాదు. కానీ అవకలనం, సమాకలనం, అవిచ్ఛిన్నత, పాక్షికం, ఇవి ఎవరి తెలుగు? మా వాడలో ఎవరి నోట్లోనూ లేని తెలుగు. ఇంట్లో సంస్కృతం వినపడే పిల్లలకు అవి చుట్టాలు, మాకు అవి దొరలు. వాటిని బట్టీ పట్టి బయటపడ్డంక ఎమ్మెస్సీలో అన్నీ ఇంగ్లీషు. రుడిన్ పుస్తకం, అపోస్టల్ పుస్తకం. ఒకసారి ఒక గోడ దూకితే ఇంకొకసారి ఇంకొక గోడ.

రెండో గోడ క్లాసు. ఏ యూనివర్సిటీ అని చెప్పను. ఎక్కడైనా అంతే. మా క్లాసులో ఎస్సీలం ఐదుగురం. మొదటి వారంలోనే పేర్లు అడిగారు. పేరు చెబితే ఇంటిపేరు, ఇంటిపేరు చెబితే ఊరు, ఊరు చెబితే "నాయన ఏం చేస్తాడు?" అక్కడికి వాళ్ళకు కావలసింది తెలిసిపోతుంది. "ఈ పేపరు అందరికీ రాదు. కొంతమందికి పాసు మార్కులొస్తే చాలు కదా" అని ప్రొఫెసర్ వెనక బెంచీల వైపు చూసి అన్నాడు. పాక్షిక అవకలనానికి వంకర తిరిగిన ఒక గుర్తు ఉంటుంది. దాన్ని 'డో' అని చదువుతారు. దాన్ని ఎట్ల పలకాలి సార్ అని మాలో ఒకడు అడిగితే క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత మాలో ఎవరూ ఏదీ అడగలేదు. క్లాసులో నోరు మూయించడానికి కొట్టనక్కర లేదు, నవ్వితే చాలు.

ఆ గుర్తు చరిత్ర నేను తర్వాత తెలుసుకున్నాను. 1770లో దాన్ని వాడినవాడు కాండోర్సే. 1786లో లజాండ్ర్ పాక్షిక అవకలనానికి వాడి, తర్వాత ఆయనే వదిలేశాడు. 1841లో జకోబీ మళ్ళీ తెచ్చాడు. డెబ్బై ఏండ్లు యూరపు పండితులే ఆ గుర్తును ఎట్ల రాయాలో తేల్చుకోలేదు. మా పిల్లగాడు మాత్రం మొదటి రోజే ఎట్ల పలకాలో తెలిసి రావాలి! ఆ కాండోర్సే ఎవరు? నల్లవాళ్ళ బానిసత్వాన్ని ఖండిస్తూ 1781లో పుస్తకం రాసినవాడు. ఆడవాళ్ళకు పౌరహక్కులివ్వాలని 1790లో రాసినవాడు. చదువు అందరికీ ఇవ్వాలని 1792లో ఫ్రెంచి సభ ముందు ప్రణాళిక పెట్టినవాడు. 1794లో జైల్లో చచ్చిపోయినవాడు. అందరికీ చదువు కావాలన్నవాడు వాడిన గుర్తును చూపించి కొందరికి చదువు రాదన్నారు. ఈ దేశంలో ఇదే మాట 1882లో హంటర్ కమిషన్ ముందు ఫూలే చెప్పాడు, 1910 నుంచి హైదరాబాదులో బడులు పెట్టి భాగ్యరెడ్డివర్మ చేసి చూపించాడు. వీళ్ళ పేర్లూ మా క్లాసులో రాలేదు, కాండోర్సే పేరూ రాలేదు. పేర్లు తీసేసిన గుర్తులే వచ్చాయి.

నల్లబల్ల కూడా ఈ దేశంలో వట్టి బల్ల కాదు. అంబేద్కర్ బడిలో ఉన్నప్పుడు లెక్క చేయడానికి బోర్డు దగ్గరికి పిలిస్తే, బోర్డు వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని పిల్లలు ఉరికిపోయి తీసుకున్నారని ఆయన జీవితచరిత్రలో ఉంది. మా క్లాసులో డబ్బాలు లేవు. నోట్సు ఉండేవి. వెనకటి ఏడాది సీనియర్ల నోట్సు, అంతకుముందటి ఏడాది నోట్సు, ఏ ప్రశ్న ఎప్పుడొచ్చిందో రాసుకున్న నోట్సు. అవి ఒక గదిలోంచి ఇంకొక గదిలోకి, ఒక కులంలోంచి అదే కులంలోకి పోయేవి. వాళ్ళకు తాతల నుంచి నోట్సు వచ్చింది. మాకు తాతల నుంచి గొలుసు వచ్చింది.

1990 ఆగస్టు 7న మండల్ సిఫార్సులు అమలు చేస్తామని వి.పి. సింగ్ ప్రకటించాడు. అవి వెనకబడిన కులాలకు సంబంధించినవి. కానీ క్యాంపస్‌లో మంట మా హాస్టల్ మీదికి కూడా వచ్చింది. క్లాసులు ఆగిపోయాయి. ప్రతిభ చచ్చిపోతుందని బ్యానర్లు కట్టారు. రోడ్ల మీద కూర్చొని చెప్పులు కుట్టారు, బూట్లు తుడిచారు, చీపుర్లు పట్టి ఊడ్చారు. ఉద్యోగాలు పోతే మేం చేయాల్సింది ఈ పనే కదా అని చూపించడానికి! మా తాతలు వందల ఏండ్లు చేసిన పనిని వాళ్ళు ఫొటో కోసం ఒక పూట చేశారు. చెప్పు కుట్టడం అవమానమని లోకానికి చాటిచెప్పారు. ఆ పని చేసే అయ్యకు పుట్టిన పిల్లలం పక్కనే నిలబడి చూస్తున్నామని వాళ్ళకు తోచనే లేదు.

ఆ బంద్ రోజుల్లోనే మేం చదువుకున్నాం. హాస్టల్లో రీసెర్చ్ చేస్తున్న ఒక సీనియర్ అన్న ఉండేవాడు. ఆయన కూడా మా లాగే వాడ నుంచి వచ్చినవాడు. రాత్రి తొమ్మిదింటికి వరండాలో బల్బు కింద కూర్చోబెట్టేవాడు. తలుపు చెక్క మీద సుద్దతో రాసేవాడు. "తమ్మీ, మీ ఊళ్ళె గుట్ట ఉన్నదా? గుట్ట మీద నువ్వు నిలబడ్డవు అనుకో. తూర్పుకు ఒక అడుగేస్తే ఎంత దిగుతవు? అది ఒక పాక్షిక అవకలనం. ఉత్తరానికి ఒక అడుగేస్తే ఎంత దిగుతవు? అది ఇంకొకటి. గీ రెండు తెలిస్తే, గుట్ట నున్నగ ఉంటే, ఏ దిక్కుకు అడుగేసినా ఎంత దిగుతవో చెప్పొచ్చు." అంతే. నెల రోజులు క్లాసులో విని అర్థం కానిది ఒక్క రాత్రి అర్థమైంది. అన్న ఇంకొక మాట కూడా చెప్పేవాడు. "ఒక్క దిక్కుకెళ్ళి చూస్తే సాపుగ ఉన్నట్టే కనపడుతది. ఇంకొక దిక్కుకెళ్ళి చూస్తే లోయ ఉంటది. అన్ని దిక్కులకెళ్ళి చూడకుంట సాపుగ ఉన్నదని చెప్పేటోన్ని నమ్మొద్దు." ఆయన లెక్క గురించే చెప్పాడో, దేశం గురించి చెప్పాడో మేం అడగలేదు.

గ్రీన్ సిద్ధాంతం దగ్గరికి వచ్చినప్పుడు అన్న మమ్మల్ని లైబ్రరీకి తీసుకుపోయి శాస్త్రజ్ఞుల జీవితచరిత్రల నిఘంటువు తీయించాడు. జార్జ్ గ్రీన్ 1793లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పుట్టాడు. తండ్రి రొట్టెలు కాల్చేవాడు, తర్వాత గాలిమర పెట్టి పిండి విసిరేవాడు. గ్రీన్ బడికి పోయింది ఏడాది పైచిలుకు, ఎనిమిది తొమ్మిదేండ్ల వయసులో. తర్వాత మరలో పని. చందా కట్టి లైబ్రరీలో చేరి, పని అయిపోయినంక చదివాడు. 1828లో విద్యుత్తు, అయస్కాంతత్వాల మీద సొంతంగా వ్యాసం అచ్చు వేయించుకున్నాడు. ముందుగా చందా కట్టినవాళ్ళు 51 మంది. వాళ్ళలో చాలామందికి అది అర్థమయ్యే అవకాశం లేదు. నలభయ్యో ఏట 1833లో కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరాడు. 1837 పరీక్షలో నాలుగోవాడిగా వచ్చాడు. 1841లో చచ్చిపోయాడు. 1845లో విలియం థామ్సన్ ఆ వ్యాసం చదివి అబ్బురపడి మళ్ళీ అచ్చు వేయించే దాకా ఎవరికీ పట్టలేదు.

పిండి మర పట్టేవాడి పేరు మా సిలబస్‌లో ఉంది! ఆ రాత్రి మా గదిలో పండగ. అయితే అన్న మమ్మల్ని అక్కడ ఆపలేదు. గ్రీన్ పేదవాడు, అంటరానివాడు కాదు. చందా కడితే లైబ్రరీ తలుపు తెరిచింది. మన తాత చందా పైసలు పట్టుకపోతే తెరిచేదా? పేదరికానికీ అంటరానితనానికీ ఉన్న తేడా అది. ఆ తేడా చెప్పకుండా గ్రీన్ కథ చెప్పేవాడు మనల్ని మోసం చేస్తున్నట్టే.

గ్రీన్ సిద్ధాంతం చెప్పేది ఏమిటంటే, ఒక జాగ చుట్టూ హద్దు వెంట ఒక్కసారి తిరిగి వస్తే చాలు, లోపల ఉన్నదాని లెక్క తెలుస్తుంది. లోపలికి అడుగు పెట్టనక్కర లేదు. తళుక్కుమని తట్టింది నాకు. మా తాత, మా నాయిన, మా వాడ మొత్తం బతుకంతా ఊరి హద్దు వెంటే తిరిగింది. ఊరి లోపల ఏముందో ఊరోళ్ళకంటే మాకే ఎక్కువ తెలుసు. ఎవని భూమి ఎంత, ఎవని గాదెలో ఎన్ని గింజలు, ఎవడు ఎవనికి బాకీ, అన్నీ తెలుసు. లోపలికి రానియ్యలేదు గాని లెక్క మాకు దొరికింది.

పేర్ల సంగతి ఇంకొకటి. ఆ పేపరులో చివరిది స్టోక్స్ సిద్ధాంతం. దాన్ని 1850లో థామ్సన్ స్టోక్స్‌కు రాసిన ఉత్తరంలో పెట్టాడు. 1854లో స్టోక్స్ దాన్ని కేంబ్రిడ్జిలో ఒక బహుమతి పరీక్షలో ప్రశ్నగా ఇచ్చాడు. కనిపెట్టినవాడి పేరు పోయింది, ప్రశ్న ఇచ్చినవాడి పేరు నిలిచింది. ప్రశ్నపత్రం ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ళ పేరే నిలుస్తుందని మాకు విడిగా ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

ప్రొఫెసర్ ఒకరోజు గర్వంగా, ఇదంతా మనవాళ్ళకు న్యూటన్ కంటే ముందే తెలుసన్నాడు. అందులో నిజం ఉంది. 14వ శతాబ్దంలో కేరళలో మాధవుడు అనంత శ్రేణులు కట్టాడు. 1530 ప్రాంతంలో జ్యేష్ఠదేవుడు వాటి నిరూపణలను మలయాళంలో రాశాడు. 1834లో విష్ అనే ఇంగ్లీషువాడు అచ్చులో పెట్టే దాకా బయటి లోకానికి తెలియదు. కానీ 'మనవాళ్ళు' అంటే ఎవరు? ఆ చదువు సాగింది నంబూద్రి ఇండ్లలో, గుడి సేవ చేసే కొన్ని కులాల్లో. ఆ ఇంటి వాకిట్లోకి పులయవాడు నడిచి వచ్చే వీలుందా? చదువును నాలుగిండ్లలో పెట్టి తాళం వేస్తే ఆ చదువు ముసలిదై ఆ ఇండ్లలోనే చస్తుంది. ఆ గర్వంలో మాకు భాగం ఇస్తామంటే ముందు ఆ తాళం లెక్క చెప్పండి.

మెరిట్ గురించి కూడా చరిత్ర ఒక మాట చెబుతుంది. గాస్ తండ్రి తోటపని, మేస్త్రీ పని చేసేవాడు, తల్లికి రాయరాదు. పద్నాలుగేండ్ల పిల్లగాని తెలివి చూసి బ్రన్స్‌విక్ డ్యూక్ చదువుకు డబ్బులిచ్చాడు. ఆ డబ్బులు లేకుంటే గాస్ మేస్త్రీ అయ్యేవాడు. డ్యూక్ ఇస్తే దాన్ని ప్రతిభకు పోషణ అంటారు. మన దేశంలో 1944లో, అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న కాలంలో, అంటరాని కులాల పిల్లలకు మెట్రిక్ తర్వాతి చదువుకు స్కాలర్‌షిప్ మొదలైంది. దాన్ని మాత్రం సర్కారు సొమ్ము తిన్నారంటారు.

ఆ స్కాలర్‌షిప్ మాకు ఎనిమిది నెలలు రాలేదు. మెస్ బిల్లు పెరిగింది. నోటీసు బోర్డు మీద బాకీదార్ల పేర్లు పెట్టారు. మా గదిలో నాతో ఉన్న దోస్తు మా ఐదుగురిలో అందరికంటే బాగా లెక్కలు చేసేవాడు. అన్న చెప్పకముందే జవాబు చెప్పేవాడు. డిసెంబరులో ఒకనాడు పెట్టె సర్దుకున్నాడు. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళు, తండ్రికి దమ్ము. "స్కాలర్‌షిప్ వస్తే నా నోట్సు నువ్వే ఉంచుకో, రాకున్నా ఉంచుకో" అని బస్సెక్కాడు. ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పుకుంటూ బతికాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన రాయాల్సిన సిద్ధాంతం ఏదో నాకు తెలియదు. ఎవరికీ తెలియకుండా పోయింది, అదే నా బాధ.

పరీక్షలు 1991 వేసవిలో జరిగాయి. ఇంటర్నల్ 20 మార్కులు, రాతపరీక్ష 80. ఇంటర్నల్లో క్లాసు ప్రొఫెసర్ నాకు వేసినవి 7. రెండూ కలిపి 40 రాకుంటే పేపరు పోతుంది. పేపరు పోతే స్కాలర్‌షిప్ పోతుంది, స్కాలర్‌షిప్ పోతే హాస్టల్ పోతుంది, హాస్టల్ పోతే మా దోస్తు ఎక్కిన బస్సే నాకూ దిక్కు. నాకు రాతపరీక్షలో 33 కావాలి. రాతపరీక్ష పేపరు మీద పేరుండదు, నెంబరుంటుంది. దిద్దేది వేరే ఊరివాళ్ళు. ఆ నెంబరు వెనక మాదిగోడున్నాడో దొరబిడ్డ ఉన్నాడో వాళ్ళకు తెలియదు. నాకు 58 వచ్చాయి. ఇంటర్నల్లో 18 వచ్చిన ముందు బెంచీవాడికి అందులో 41 వచ్చాయి. నా మేధస్సును పొగుడుకోవడానికి ఈ అంకెలు రాయడం లేదు. పేరు తెలిసిన చోట 7, పేరు దాచిన చోట 58. పేరు ఒక్కటే మారింది, మిగిలినవన్నీ స్థిరం. దాన్నే పాక్షిక అవకలనం అంటారు. కులం అనే చలరాశి ఎంత బరువైనదో కొలిచే పద్ధతి ఆ పేపరే నాకు నేర్పింది.

ఫలితాలు వచ్చిన వారంలోనే, 1991 ఆగస్టు 6న, చుండూరు జరిగింది. ఎనిమిది మందిని నరికి, గోనెసంచుల్లో మూటగట్టి కాలువలో వేశారు. మా నాయిన కాలువ తీసేది పొలం పండటానికి. అక్కడ కాలువను దేనికి వాడారో చూశాం. మేం పుస్తకాలు మూసి ఊరేగింపులో పోయాం, మళ్ళీ వచ్చి పుస్తకాలు తెరిచాం. లెక్కలు చదువుకునేటోడికి ఉద్యమం ఎందుకని కొందరన్నారు, ఉద్యమంలో ఉన్నోడికి లెక్కలు ఎందుకని ఇంకొందరన్నారు. ఈ రెండో మాట మనవాళ్ళే అన్నారు, అందుకే ఎక్కువ నొప్పయింది. 2007లో ప్రత్యేక కోర్టు చుండూరు నేరస్థులకు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కోర్టులో సాక్ష్యం అంటే దూరాలు, వేళలు, కొలతలు. ఆ కొలతలు చదవగలిగినవాళ్ళు, ప్రశ్నించగలిగినవాళ్ళు మనలో లేకుంటే ఎదుటివాడు చెప్పిందే కొలత అవుతుంది.

ఇవాళ చదువుకుంటున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. కంప్యూటర్లు సొంతంగా నేర్చుకుంటున్నాయని ఇప్పుడు లోకమంతా మాట్లాడుతోంది. అవి నేర్చుకునే పద్ధతికి మూలం 1847లో కోషీ రాసిన ఉపాయం. ఎటు ఎక్కువ పల్లం ఉందో చూసి అటు చిన్న అడుగు వేయడం, మళ్ళీ చూసి మళ్ళీ అడుగు వేయడం. మడి గట్టు మీద నిలబడి నీరడి చేసిన పనే, లక్షల చలరాశులతో. ఎవరికి అప్పు ఇవ్వాలో, ఎవరికి ఉద్యోగం ఇవ్వాలో తేల్చే పని ఆ యంత్రాలకు ఇస్తున్నారు. వాటికి పాత లెక్కలే మేతగా వేస్తే పాత కులమే కొత్త అంకెలుగా బయటికొస్తుంది. అక్కడ కూడా గొలుసు పట్టేటోళ్ళున్నారు. కూలి లెక్కన బొమ్మలకు పేర్లు అంటించే పని చేస్తున్నారు. టిప్పన్ గీసేటోళ్ళు వేరే ఉన్నారు.

అందుకని ఈ పేపరు తీసుకోండి. మీకు రాదని ఎవడన్నా అంటే, ఎవడన్నాడో, ఎప్పుడన్నాడో తేదీ వేసి రాసి పెట్టుకోండి. క్లాసులో అర్థం కానిది హాస్టల్ వరండాలో మీ ఊరి మాటల్లో చెప్పుకోండి. మీ నాయిన ఏ పని చేస్తాడని అడిగితే పని పేరు గట్టిగా చెప్పండి, ఆ పనిలో ఉన్న లెక్క కూడా చెప్పండి. ఇంటర్నల్ మార్కులు, రాతపరీక్ష మార్కులు పక్కపక్కన రాసి ఏడాదికేడాది పోల్చి చూడండి. చదివింది చక్కగా నోట్సు రాసి, వచ్చే ఏడాది మన వాడల నుంచి వచ్చే పిల్లల కోసం హాస్టల్లో వదిలి పెట్టండి.